చెయ్యి తీస్తే ఆగిపోయే బండి

బండి కిక్కు కొడితే స్టార్టవుతుంది. ఎక్సలేటర్ తిప్పి పట్టుకుంటే బాగానే ఆడుతుంది. చెయ్యి తీయగానే టక్కున ఆగిపోతుంది. పాత మోటారు సైకిలు ఉన్నవాళ్ళకి ఈ బాధ తెలుసు. పాలు పోసేవాళ్ళకి, కూరగాయలు అమ్ముకునేవాళ్ళకి ఇది మరీ కష్టం. గడప గడపకీ ఆగాలి. ఆగిన చోటల్లా కిక్కు కొట్టాలి. రైలు గేటు దాటేటప్పుడు ఆగిందంటే ప్రాణం మీదకే వస్తుంది.

ఎక్సలేటర్ తిప్పకుండా ఇంజను నెమ్మదిగా ఆడడాన్ని మెకానిక్కులు 'స్లో' అంటారు. స్లో నిలవకపోతే కొందరు చూడకుండానే 'కార్బురేటర్ పోయింది, కొత్తది వేయాలి' అంటారు. చాలాసార్లు అది పోదు. అందులో ఒక సన్నని రంధ్రం పూడుకుపోతుంది, అంతే.

1985లో మన దేశంలో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ కార్బురేటర్ బండ్లు. 2020 ఏప్రిల్ నుంచి పొగ నిబంధనలు గట్టిపడ్డాయి. ఆ తరవాత తయారైన చాలా బండ్లలో పెట్రోలు కొలతను కరెంటుతో పనిచేసే చిన్న పెట్టె చూసుకుంటుంది. ఇక్కడ చెప్పేది పాత బండ్ల సంగతి.

కార్బురేటర్ ఏం చేస్తుంది? పెట్రోలును గాలితో కలుపుతుంది. ఒక లీటరు పెట్రోలు సరిగా మండాలంటే దాదాపు 9 వేల లీటర్ల గాలి కావాలి! దోమల మందు కొట్టే పాత ఫ్లిట్ పంపు చూసే ఉంటారు. గొట్టం మీదుగా గాలి జోరుగా పోతుంటే కింద డబ్బాలోని మందు పైకి లేచి తుంపరగా వస్తుంది. కార్బురేటర్ పనీ అదే. దాని అడుగున చిన్న గిన్నె ఉంటుంది. అందులో ఫ్లోట్ తేలుతూ ఉంటుంది. నీళ్ళ ట్యాంకులో బంతి లేచి కుళాయి మూసినట్టే, పెట్రోలు నిండగానే ఫ్లోట్ లేచి దారి మూస్తుంది.

గిన్నెలోంచి పెట్రోలు పైకి రావడానికి రెండు దారులు ఉన్నాయి. బండి పరిగెత్తేటప్పుడు పెద్ద దారి, అంటే మెయిన్ జెట్. స్లోలో ఉన్నప్పుడు చిన్న దారి, అంటే పైలట్ జెట్. ఈ చిన్న జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కన్నా సన్నం. నలక పడితే చాలు, మూసుకుపోతుంది. పెద్ద దారి బాగానే ఉంటుంది కాబట్టి బండి పరుగెడుతుంది. చెయ్యి తీస్తే ఆగిపోతుంది. మొదట చెప్పిన రోగం ఇదే.

నలక ఎక్కడి నుంచి వస్తుంది? ట్యాంకు తుప్పు నుంచి, దుమ్ము నుంచి. బండిని నెలల తరబడి మూలన పెడితే గిన్నెలో పెట్రోలు ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. పైగా ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. చెరకు నుంచి, ధాన్యం నుంచి తీసే సారా లాంటిదే అది. 2025 నాటికి నూటికి 20 పాళ్ళకు చేరింది. ఇథనాల్ నీటిని పట్టేస్తుంది. పాత ట్యాంకుకి అది మంచిది కాదు.

స్క్రూల జోలికి పోకముందు కొన్ని చూసుకోవాలి. ట్యాంకులో పెట్రోలు ఉందా? కాక్ తెరిచి ఉందా? ట్యాంకు మూతకు గాలి పోయే సన్నని బెజ్జం ఉంటుంది. అది పూడితే కాసేపు నడిచి ఆగుతుంది. మూత తీయగానే 'హుస్' మంటే అదే కారణం. తరవాత ఎయిర్ ఫిల్టర్. దుమ్ముతో నిండితే గాలి చాలదు.

ఇంజను చల్లారాక ప్లగ్ విప్పి కొన చూడండి. అది మాట్లాడకుండానే చాలా చెబుతుంది. లేత గోధుమ రంగు ఉంటే మంచిదే. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ వస్తోంది. చోక్ తెరుచుకోవడం లేదేమో, ఫిల్టర్ పూడిందేమో, ఫ్లోట్ దారి మూయడం లేదేమో. మరీ తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. చోక్ వేస్తేనే స్లో నిలుస్తోందా? అప్పుడు కూడా పెట్రోలు తక్కువే. పైలట్ జెట్ పూడి ఉండాలి, లేదా కార్బురేటరుకీ ఇంజనుకీ మధ్య అతుకులోంచి దొంగగాలి దూరుతుండాలి.

ఇప్పుడు కాక్ మూసి, గిన్నె కింద స్క్రూ వదులు చేసి, పెట్రోలును గాజు సీసాలోకి దించండి. అడుగున వేరే పొర కనబడితే నీళ్ళు చేరాయన్నమాట. తుప్పు, చెత్త కూడా కనబడతాయి. ఈ పని ఆరుబయట చేయాలి. పక్కన పొయ్యి ఉండకూడదు, బీడీ అసలే ఉండకూడదు.

జెట్ విప్పితే వెలుతురుకి పెట్టి చూడాలి. రంధ్రంలోంచి వెలుగు కనబడాలి. పూడితే కార్బురేటర్ క్లీనర్ కొట్టి గాలితో ఊదాలి. చాలామంది ఇనుప తీగతో పొడుస్తారు. జెట్ ఇత్తడిది, మెత్తన. రంధ్రం కాస్త పెద్దదైనా ఇక రోజూ పెట్రోలు వృథాయే.

ఇక స్క్రూలు. కార్బురేటరుకి పక్కన రెండు ఉంటాయి. ఒకటి స్లో స్క్రూ. దాన్ని బిగిస్తే ఇంజను వేగం పెరుగుతుంది. తెలిసిన మెకానిక్కులు కూడా కొందరు ముందు దీని మీదకే పోతారు. బండి అప్పటికి ఆగకుండా ఉంటుంది. కానీ జెట్ పూడే ఉంటుంది, పెట్రోలు మాత్రం కాలుతూ ఉంటుంది. నాలుగు రోజులకి మళ్ళీ మొదటికొస్తుంది.

రెండోది గాలి పాలు సరిచేసే స్క్రూ. దీన్ని విప్పేముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆగిందో లెక్కపెట్టండి. గట్టిగా బిగించకూడదు, లోపలి సూది మొన పాడవుతుంది. ఆ లెక్కను కాగితం మీద రాసుకోండి. 'ఒకటిన్నర చుట్టు' అని రాసి ఉంటే తిరిగి అదే చోట పెట్టవచ్చు. ఈ స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటే, లోపలికి తిప్పితే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజను వైపు ఉంటే దీనికి తిరగబడి ఉంటుంది. ఇంజను బాగా వేడెక్కాక దీన్ని కొంచెం కొంచెం తిప్పుతూ, వేగం ఎక్కువగా, నిలకడగా ఉన్న చోట ఆపాలి. ఆ తరవాత స్లో స్క్రూతో వేగం తగ్గించాలి. ఇదీ బయటే చేయాలి. మూసిన గదిలో ఇంజను ఆడిస్తే వచ్చే విషవాయువుకి రంగూ వాసనా ఉండవు. మనిషి తెలియకుండానే పడిపోతాడు.

కొన్ని బండ్లకు తిరగబడ్డ రోగం. చెయ్యి తీసినా వేగం దిగదు. హ్యాండిలు ఇటూ అటూ తిప్పి చూడండి. తిప్పినప్పుడల్లా శబ్దం మారితే ఎక్సలేటర్ తీగ ఎక్కడో బిగుసుకుంది. కార్బురేటర్ తప్పేమీ లేదు.

ఇవన్నీ చూసినా వేడెక్కాక ఆగిపోతుంటే వాల్వుల సందు తగ్గి ఉండవచ్చు. ఆ పని మెకానిక్ దగ్గరే చేయించాలి. వెళ్ళినప్పుడు 'బండి బాగాలేదు' అని ఊరుకోకండి. చల్లగా ఉన్నప్పుడు ఆగుతోందో వేడెక్కాక ఆగుతోందో, చోక్ వేస్తే నిలుస్తోందో లేదో, ప్లగ్ ఏ రంగులో ఉందో చెప్పండి. కొత్త సామాను వేస్తే పాతది అడిగి తీసుకోండి.