నగదు బదిలీకి అందని నవ్వు

పేదలకు ప్రభుత్వం నేరుగా పైకం ఇవ్వడం ధర్మమా, దండుగా అన్న వాదం రాజధానిలో దాదాపు సద్దుమణిగింది. కేంద్రం 2019లో రైతు కుటుంబాలకు ఏటా 6,000 రూపాయలు మూడు విడతలుగా ఇవ్వడానికి పూనుకున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో తల్లుల ఖాతాలకు 15,000 రూపాయలతో ఆరంభమైన అమ్మ ఒడి, ప్రభుత్వం మారిన పిదప 2025 జూన్‌లో తల్లికి వందనమై చదువుకునే ప్రతి బిడ్డకూ విస్తరించింది. పొరుగున పాకిస్తాన్ 2008లోనే బేనజీర్ పేరిట ఇటువంటి పథకాన్ని నెలకొల్పింది. అయితే ఆ పైకం ఏ గుమ్మం దాకా వెళ్లి ఆగిపోతున్నదన్న ప్రశ్న చట్టసభలలో అరుదుగా వినిపిస్తుంది. ఆ గుమ్మాలలో ఒకటి దంతవైద్యునిది.

పళ్ళ సంగతి పార్లమెంటుకెందుకని పాఠకులు నవ్వవచ్చు. అలా నోరారా నవ్వగలగడమూ ఒక భాగ్యమే. ఎత్తుపళ్ళు, పన్ను మీద పన్ను ఉన్న పిల్లలకు పన్నెండేళ్లు వచ్చేసరికి నవ్వడమే పరీక్ష అవుతుంది. చేయి అడ్డం పెట్టుకుంటారు. సమాధానం తెలిసినా తరగతిలో లేవరు. ఆడపిల్ల అయితే పెళ్లిచూపుల నాటి మాట ఇంట్లో అప్పుడే మొదలవుతుంది. ఈ బాధను కొలవడానికి 2002లో టొరాంటో పరిశోధకులు 11 నుంచి 14 ఏళ్ల పిల్లల కోసం ఒక ప్రశ్నావళినే రూపొందించారు. నొప్పి, నమలడం, మనోవేదన, తోటివారితో మెలగడం అందులోని నాలుగు అంశాలు. జీవన నాణ్యత అన్నది పెద్ద మాట కాదు, పిల్లవాని దినచర్యే.

ఢిల్లీలో భవన నిర్మాణపు పనికి వచ్చిన పాలమూరు దంపతులు నాకు పరిచయం. వారి పెద్దమ్మాయికి పళ్ళకు క్లిప్పులు వేయించాలన్నారు వైద్యులు. ఎందుకు వేయించలేదని అడిగితే తండ్రి చెప్పిన మాట ఇది: "సర్కారు దవాఖానల పైసలు తక్కువనే తీస్కుంటరు సార్. గని నెలకోపారి రమ్మంటున్నరు. పోయిన రోజల్లా కూలి పోతది. రెండేండ్లు ఎట్ల తిరగాలె?" మన పథకాలు చూడని లెక్క ఆ ఒక్క మాటలో ఉన్నది. విడతగా వచ్చే నగదు ఇంటికప్పుకో, బడి ఫీజుకో సరిపోతుంది. నెలనెలా సాగే చికిత్సకు కావలసింది దగ్గరలో ఒక వైద్యుడు, పోయిన కూలికి ఒక పరిహారం.

ప్రభుత్వ కార్యక్రమాలు లేకపోలేదు. 2013 నాటి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించాలన్నది. ఆ జాబితాలో గ్రహణం మొర్రి ఉన్నది, పిప్పిపళ్ళు ఉన్నాయి, పళ్ళ వరుస లేదు. కిశోర వయస్కుల కోసమే 2014లో వచ్చిన మరొక కార్యక్రమపు ఆరు లక్ష్యాలలో దంతాల ప్రస్తావనే లేదు. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల రక్షణ ఇచ్చినా, అది ఆసుపత్రిలో చేరిన రోగికి. క్లిప్పుల చికిత్స వచ్చిపోయే రోగిది. 2023 వర్షాకాల సమావేశాలలో జాతీయ దంత కమిషన్ బిల్లు లోక్‌సభ గడప దాటింది. మణిపూర్‌పై ప్రతిపక్షాల నినాదాల హోరులో బిల్లు నెగ్గింది. పేద పిల్లల పళ్ళ ఊసు ఆ హోరులో ఎవరికి వినబడుతుంది? దేశంలో 300కు పైగా దంతవైద్య కళాశాలలున్నాయి. పల్లెలో మాత్రం దంతవైద్యుడు అపురూపమే.

బ్రెజిల్ అనుభవం ఇక్కడ పరిశీలించదగినది. అక్కడ 2003లో లూలా ప్రభుత్వం పేద కుటుంబాలకు బోల్సా ఫమీలియా పేరిట నెలసరి భృతి ప్రారంభించి, పిల్లల బడి హాజరునూ టీకాలనూ షరతులుగా పెట్టింది. మరుసటి ఏడాదే "నవ్వే బ్రెజిల్" అన్న అర్థం వచ్చే దంతారోగ్య విధానం తెచ్చి, ప్రత్యేక చికిత్సా కేంద్రాలు నెలకొల్పింది. కొన్నేళ్లకు క్లిప్పుల చికిత్సనూ వాటిలో చేర్చింది. భృతి పథకం 2021లో పేరు మారి, 2023లో మళ్లీ పాత పేరుకు వచ్చింది. అక్కడా అందరికీ అందిందని కాదు. కాని నగదుకు తోడు సేవ కూడా నడవాలన్న సూత్రాన్ని ఆ దేశం గుర్తించింది.

రక్తహీనతతో ఆడపిల్లలు వాడిపోతున్న దేశంలో ఇది విలాసం కాదా అన్న ఆక్షేపణ తేలికగా తోసిపుచ్చదగినది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ల బాలికలలో నూటికి 59 మంది రక్తహీనులు. తిండి తరువాతే పళ్ళ వరుస. అయినా ప్రతి వంకర పన్నునూ సరిచేయమని ఎవరూ అడగడం లేదు. బ్రిటన్‌లో తీవ్రతను అయిదు తరగతులుగా కొలిచి, అవసరం ఎక్కువగా ఉన్న 18 ఏళ్లలోపు వారికే ఉచిత చికిత్స ఇస్తున్నారు. పైగా పాలపళ్ళు పుచ్చి ముందే ఊడిపోవడం వరుస చెడడానికి ఒక కారణం. వాటిని కాపాడడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు, బడిలో ఏడాదికొక పరీక్ష, సకాలంలో ఒక పూత చాలు.

కనుక చేయవలసింది అసాధ్యమేమీ కాదు. బాలల పరీక్షా జాబితాలో పళ్ళ వరుసను చేర్చాలి. జిల్లా ఆసుపత్రిలో వారానికొక రోజైనా ఈ విద్య తెలిసిన వైద్యుడు కూర్చోవాలి. తీవ్రమైన అవసరమని తేలిన పిల్లవానికి బస్సు చార్జీతో పాటు వెంట వచ్చే పెద్దల కూలి కూడా ఇవ్వాలి. దవడ ఎదిగే వయసు ఎవరి కోసమూ ఆగదు. పదమూడో ఏట సులువుగా సరిచేయగల దవడ లోపానికి, ఎదుగుదల ఆగిన పిదప శస్త్రచికిత్స అవసరం కావచ్చు. పథకాలకు గడువు పొడిగించవచ్చు, ఆ వయసుకు పొడిగించలేము.