కోడిపిల్లల పొట్టకు ‘తోడు’ - ప్రోబయాటిక్ పొట్లాల సంగతి

కోళ్ళ ఫారాలకు పేరుపడ్డ అనపర్తి ప్రాంతమనే కాదు, రెండు వందల బ్రాయిలర్లు పెంచుకునే చిన్న రైతు ఇంట్లో కూడా ఇప్పుడు ‘ప్రోబయాటిక్’ పొట్లం కనిపిస్తోంది. కోళ్ళ పెంపకం ఖర్చులో సుమారు మూడింట రెండు వంతులు మేతకే పోతుంది. తిన్న మేత ఒంటబట్టక పారుడు రూపంలో పోతే రైతు చేతికి మిగిలేది అప్పే.

ఈ పొడి మందు కాదు. పాలను పెరుగుగా తోడుకునేలా చేసే లాక్టోబాసిల్లస్ జాతి, బాసిల్లస్ సబ్టిలిస్, ఈస్టు వంటి బతికున్న సూక్ష్మజీవులే ఇందులో ఉంటాయి. ఇవి పేగు గోడలను ముందుగా ఆక్రమించి, ఆమ్లాన్ని పుట్టించి, చెడు క్రిములకు చోటు లేకుండా చేస్తాయి.

అసలు వీటి అవసరం ఎందుకొచ్చింది? గంప కింద పొదిగిన పిల్ల తల్లి వెంట తిరుగుతూ, తల్లి రెట్టలో గింజలు ఏరుకుంటూ ఈ సూక్ష్మజీవులను తానే సంపాదించుకుంటుంది. హేచరీ యంత్రంలో పుట్టి అట్టపెట్టెలో షెడ్డుకు వచ్చే పిల్లకు తల్లి లేదు, తల్లి రెట్టా లేదు. ఖాళీ పొట్టలోకి మొదట ఏది చేరితే దానిదే రాజ్యం. ఫిన్లాండ్ దేశంలో 1971లో బ్రాయిలర్లలో సాల్మొనెల్లా ప్రబలినప్పుడు నూర్మి అనే శాస్త్రజ్ఞుడు పెద్దకోళ్ళ పేగులలోని పదార్థాన్ని పసిపిల్లలకు పట్టించి చూశారు. ఆ పిల్లలు సాల్మొనెల్లాను తట్టుకున్నాయి. ఈ ఫలితం 1973లో వెలువడింది.

ఎదుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్ కలిపే అలవాటు చాలా ఫారాలలో ఉండేది. అలా వాడగా వాడగా క్రిములు మందుకు లొంగకుండా పోతాయి. రేపు మన ఇంటి పసివాడికి జ్వరమొస్తే అదే మందు పనిచేయకపోవచ్చు. ఐరోపా సమాఖ్య దేశాలు 2006 నుంచి ఈ పద్ధతిని నిషేధించాయి. మన దేశంలో 2019లో కోలిస్టిన్‌ను కోళ్ళకు, పశువులకు వాడరాదన్నారు. పొట్లాలకు గిరాకీ పెరగడానికి ఇదొక కారణం.

అయితే దుకాణదారు చెప్పినంత మహిమ వీటికి లేదు. ఫలితం ఫారానికీ ఫారానికీ మారుతుంది. కొక్కెర తెగులును ఇవి ఆపలేవు. పొట్లం కొన్నామని టీకా మానేసిన రైతు షెడ్డు ఖాళీ చేసుకోవలసిందే. తడిసిన ఊక, గాలి ఆడని షెడ్డు ఉన్నచోట ఏ పొడీ అక్కరకు రాదు.

వాడేవారు ముఖ్యంగా నీటిని చూసుకోవాలి. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీటిలో వేస్తే సూక్ష్మజీవులు చచ్చి డబ్బు దండగ. యాంటీబయాటిక్ ఇస్తున్న రోజుల్లో కాక, ఆ కోర్సు ముగిశాక ఇస్తే మేలు. పెరటి కోళ్ళు నాలుగైదు ఉన్నవారు పొట్లం కొననక్కరలేదు, పలచని మజ్జిగ మట్టి మూకుడులో పెట్టి ఏ రోజుకారోజు కడిగితే సరిపోతుంది. షెడ్డులోని నిపుల్ గొట్టాలలో మాత్రం మజ్జిగ పోయరాదు, పాచి పట్టి పూడుకుపోతాయి. పొట్లంపై గడువు తేదీ చూసి, ఎండ తగలనిచోట దాచి, కలిపిన నీళ్ళు కొద్ది గంటల్లో కోళ్ళు తాగేసేటంత మాత్రమే కలపాలి.