తలకోన దోవలో ఒక గోల్‌కీపర్ ఊరు

తిరుపతి నుంచి మదనపల్లె రోడ్డు పట్టి, చంద్రగిరి దాటి, భాకరాపేట ఘాట్ ఎక్కి పోతే తలకోనకు దోవ చీలుతుంది. ఆదివారం వచ్చిందంటే ఆ దోవ నిండా కార్లూ, వ్యాన్లూ. 270 అడుగుల ఎత్తు నుంచి దూకే జలపాతం, సిద్ధేశ్వరస్వామి గుడి, శేషాచలం అడవి... అందరి తొందరా వాటి కోసమే. మధ్యలో నేరబైలు వస్తుంది. టీ కోసం ఆగేవాళ్లు ఆగుతారు, మిగతావాళ్లు సాగిపోతారు. ఆ ఊళ్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూలుంది. భారత మహిళల హాకీ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన ఇతిమరపు రజని కర్ర పట్టింది ఆ బళ్లోనే.

ఎర్రావారిపాళెం మండలంలోని ఒక చిన్న పల్లె ఆమెది. 1990లో పుట్టింది. తండ్రి వడ్రంగి. క్రికెట్ తప్ప మరో ఆట పట్టని ఈ సీమలో, ఆడపిల్ల హాకీ ఆడతాననడమే పెద్ద మాట. అందులోనూ ఆమె ఎంచుకున్నది గోల్‌కీపర్ స్థానం.

ఆ స్థానం ఎంత కష్టమో టీవీలో చూస్తే తెలియదు. గోల్‌పోస్టు వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. పెనాల్టీ కార్నర్‌లో డ్రాగ్ ఫ్లిక్ గంటకు వంద కిలోమీటర్లు దాటిన వేగంతో వస్తుంది. కాళ్లకు ప్యాడ్లు, పాదాలకు కిక్కర్లు, చేతులకు గ్లవ్స్, తలకు హెల్మెట్ ఎన్ని తగిలించుకున్నా, ఏ వైపు దూకాలో తేల్చుకోవడానికి దొరికేది రెప్పపాటే. పైగా మట్టి నేల మీద బంతి ఏ రాయికి తగిలి ఎటు లేస్తుందో చెప్పలేం. టర్ఫ్ మీద ఆ గొడవ లేదు కానీ వేగం బాగా పెరుగుతుంది. మట్టిలో నేర్చిన పిల్ల టర్ఫ్‌కు అలవాటు పడాలంటే పాదాల కదలిక దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

దానికన్నా పెద్ద పరీక్ష ఇంకొకటి. హాకీలో గోల్ ముందు నిలబడేది ఒక్కరే. రజని జట్టులో ఉన్న కాలంలో ఆ ఒక్కరు చాలాసార్లు హర్యానాకు చెందిన సవిత పునియా. 2017లో జపాన్‌లో చైనాను షూటౌట్‌లో ఓడించి ఆసియా కప్ గెలిచిన జట్టులో రజని ఉంది. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన జట్టులోనూ, లండన్ ప్రపంచకప్ జట్టులోనూ ఉంది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో న్యూజిలాండ్‌పై గెలిచి కాంస్యం అందుకున్న జట్టులోనూ ఉంది. అన్నిట్లోనూ రెండో గోల్‌కీపర్‌గానే.

ఒలింపిక్స్ దగ్గరికి వస్తే లెక్క ఇంకా కఠినం. మిగతా టోర్నీలకు 18 మంది వెళ్తే ఒలింపిక్ జట్టులో 16 మందికే చోటు. అందుకే చాలా దేశాలు ఒక్క గోల్‌కీపర్‌తోనే సరిపెడతాయి. 36 ఏళ్ల తర్వాత మన అమ్మాయిలు 2016లో రియోకు వెళ్లినప్పుడు రజని స్టాండ్‌బై. జట్టు నాలుగో స్థానంలో నిలిచిన టోక్యోలో రిజర్వ్ గోల్‌కీపర్. పిలుపు వస్తుందో రాదో తెలియకుండా, వస్తే ఆ క్షణమే దిగడానికి సిద్ధంగా, రోజూ అదే సాధన చేయాలి. పతకాల పట్టికలో ఈ కష్టానికి గడి లేదు. అయినా దీన్ని తక్కువ చేసి చూడటం అన్యాయం. ప్రాక్టీసులో రెండో గోల్‌కీపర్ గట్టిగా నిలబడితేనే మొదటి గోల్‌కీపర్ తన చోటు కాపాడుకోవడానికి చెమటోడుస్తుంది, ఫ్లిక్కర్లకూ పదును వస్తుంది. టోక్యో తర్వాత రాష్ట్ర ప్రభుత్వం రజనికి 25 లక్షల రూపాయలు, తిరుపతిలో ఇంటి స్థలం ప్రకటించింది. ఆమె పేరు మన జిల్లాలో చాలామంది విన్నది అప్పుడే.

2024 జనవరిలో మస్కట్‌లో హాకీ ఫైవ్స్ ప్రపంచకప్ జరిగింది. జట్టుకు ఐదుగురే, మైదానం చిన్నది, ఎక్కడి నుంచి కొట్టినా గోలే. అంటే గోల్‌కీపర్‌కు ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. భారత జట్టుకు కెప్టెన్ రజని. క్వార్టర్స్‌లో న్యూజిలాండ్‌ను 11-1తో, సెమీస్‌లో దక్షిణాఫ్రికాను 6-3తో ఓడించి ఫైనల్‌కు చేరారు. అక్కడ నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడి రజతం తెచ్చుకున్నారు. ఇన్నేళ్లు బెంచీ మీద ఓపిక పట్టిన మనిషికి 33 ఏళ్ల వయసులో దక్కిన ఆ నాయకత్వం, నా దృష్టిలో, ఏ స్వర్ణానికీ తీసిపోదు.

ఈ కథంతా పల్లెటూరి సర్కారు బళ్లో, ఆటల పీరియడ్‌లో మొదలైంది. హెడ్మాస్టర్లకూ, తల్లిదండ్రులకూ ఒక్కటే విన్నపం. పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయని ఆ పీరియడ్‌ను లెక్కల క్లాసుగా మార్చకండి.