చిప్‌కు తగిన కంపైలర్ ఏది?

వాషింగ్ మెషీన్‌లో ఎన్ని నిమిషాలు తిప్పాలో, ట్రాఫిక్ దీపం ఎప్పుడు రంగు మార్చాలో ఒక చిన్న చిప్ నిర్ణయిస్తుంది. దాని పేరు మైక్రోకంట్రోలర్. దానికి తెలిసిన భాషలో ఒకట్లు, సున్నలు తప్ప మరేమీ ఉండవు. అలా రాయడం మనకు కష్టం. కాబట్టి 1970లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషలో రాస్తాం. ఆ రాతను చిప్ భాషలోకి మార్చే ప్రోగ్రామే కంపైలర్. ఇది ఒక విధంగా దుబాసీ అన్నమాట.

కంపైలర్లు చాలా ఉన్నాయి. మరి దేన్ని ఎంచుకోవాలి?

మొదట చూడవలసింది చిప్‌ను. 1980లో వచ్చిన 8051 చిప్ భాష వేరు, ఆర్డుయినో ఊనో బోర్డు మీది ఏవీఆర్ చిప్ భాష వేరు. ఒకదాని కోసం తయారైన ఒకట్లు, సున్నలు రెండవదానికి పనికిరావు. 8051కు ఎస్‌డీసీసీ, ఏవీఆర్‌కు జీసీసీ ఉచితంగా దొరుకుతాయి. ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌తో పాటు జీసీసీ కూడా వస్తుంది.

రెండవది, సంఖ్యల వెడల్పు. సి భాషలో పూర్ణసంఖ్యకు 'ఇంట్' అని పేరు. ఇది కనీసం 16 బిట్లు ఉండాలన్నదే నియమం. ఏవీఆర్ జీసీసీలో ఇది 16 బిట్లు, 32 బిట్ల ఆర్మ్ చిప్‌లలో 32 బిట్లు. తేడా చిన్నదనుకోకండి! నీటి మోటారును 10 గంటల తర్వాత ఆపాలని ఒక ప్రోగ్రాం రాశామనుకుందాం. అంటే 36,000 సెకన్లు లెక్కించాలి. 16 బిట్ల ఇంట్ 32,767 దాకానే వెళ్లగలదు. ఉదయం 6 గంటలకు మొదలైన లెక్క మధ్యాహ్నం 3 గంటల 6 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. ఆ తర్వాత అది సాధారణంగా ఋణసంఖ్యలోకి పడిపోతుంది. 36,000 ఎప్పటికీ రాదు, మోటారు ఆగదు. బావిలో నీళ్లు అయిపోయినా తిరుగుతూ ఉంటే మోటారు కాలిపోవచ్చు. 'లాంగ్' అని రాస్తే కనీసం 32 బిట్లు దొరుకుతాయి. అప్పుడు లెక్క నిండడానికి 68 ఏళ్లు పడుతుంది.

మూడవది, పొదుపు. ఊనో చిప్‌లో ప్రోగ్రాంకు 32 కిలోబైట్లు, లెక్కల మధ్య విలువలు దాచుకోవడానికి 2 కిలోబైట్లు మాత్రమే ఉంటాయి. మంచి కంపైలర్ అనవసరమైన పనులను తీసేసి ప్రోగ్రాంను కుదిస్తుంది. అయితే ఇందులో ఒక తమాషా ఉంది. దీపం వెలిగించి, ఆలస్యం కోసం ఊరికే 30,000 వరకు లెక్కపెట్టి, తర్వాత ఆర్పమని రాశారనుకోండి. ఆ లెక్కతో ప్రయోజనం లేదని కంపైలర్ దాన్ని తీసివేయవచ్చు. అప్పుడు దీపం అతివేగంగా ఆరి వెలుగుతూ, మన కంటికి ఆగకుండా వెలుగుతున్నట్లే కనిపిస్తుంది! ఆలస్యానికి కంపైలర్‌తో వచ్చే ప్రత్యేక ఆదేశాన్నే వాడాలి.

నాల్గవది, ధర. కొన్ని కంపెనీలు ఉచితంగా ఇచ్చే నమూనా కంపైలర్లు ప్రోగ్రాం కొంత పరిమాణం దాటితే పనిచేయవు. వాడే ముందే ఆ హద్దు ఎంతో చూసుకోవాలి.

కాబట్టి ముందు చిప్‌ను, తర్వాత దానికి తగిన కంపైలర్‌ను ఎంచుకుని, అందులో ఇంట్ ఎన్ని బిట్లో తెలుసుకున్నాకే ప్రోగ్రాం మొదలుపెట్టండి.

ఇప్పుడు ఒక లెక్క. మోటారు ప్రోగ్రాంలో సెకన్లకు బదులు మిల్లీసెకన్లు లెక్కిస్తే 16 బిట్ల ఇంట్ ఎంతసేపటికి నిండుతుంది? కాగితం మీద చేసి చూడండి.