వెలి: రక్తం కనిపించని దాడి

దళితుల్ని కొడితే అది వార్త అవుతుంది, కేసు అవుతుంది. మరి కొట్టకుండా, తిట్టకుండా ఊరంతా ఒక్కసారిగా పలకడం మానేస్తే? పనికి పిలవకపోతే? కిరాణా కొట్టువాడు ఉప్పు ప్యాకెట్టు కూడా ఇవ్వకపోతే? జనం దీన్ని వెలి అంటారు, చట్టం సాంఘిక బహిష్కరణ అంటుంది. మనిషి తనకు నచ్చినట్టు బతికే హక్కును ఊరు లాక్కునే పద్ధతుల్లో ఇదే అతి పాతది. మనం అతి త్వరగా మరిచిపోయేది కూడా ఇదే.

పశ్చిమ గోదావరి జిల్లా పాలకోడేరు మండలంలోని గరగపర్రునే తీసుకుందాం. 2017 ఏప్రిల్‌లో అక్కడి దళితులు మిగతా నాయకుల విగ్రహాల సరసన అంబేడ్కర్ విగ్రహం పెట్టారు. దాన్ని అక్కడి నుంచి తీసేశారు. ఇదేమిటని దళితులు నిలదీశారు. ఆధిపత్య కులాలు వాళ్లను వెలివేశాయి. పొలం పనులు ఆగిపోయాయి, కౌళ్లు పోయాయి. ఊరి నడిబొడ్డున ఎవరిని తలుచుకోవాలో నిర్ణయించే హక్కు ఎవరిదన్నదే అక్కడ అసలు గొడవ.

అందరి నోళ్లూ మూస్తేనే వెలి

వెలి ఒక్క కులం పంతంతో నడిచేది కాదు. భూమి ఉన్నవాడు పని ఆపితే చాలదు. కొట్టువాడు సరుకు ఆపాలి, ఆటోవాడు ఎక్కించుకోకూడదు, పక్కింటివాడు పలకరించకూడదు. మాట తప్పితే జరిమానా. వాడ మీద కోపం లేనివాళ్లు కూడా ఆ భయానికే తలొంచుతారు. నిజామాబాద్ ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో సాగే పెత్తనం చూడండి. ఏ చట్టమూ ఇవ్వని అధికారంతో జరిమానాలు వేస్తాయి, కట్టనివాళ్లను వెలివేస్తాయి. దళితులే కాదు, బీసీ కులాలూ ఆ దెబ్బ తిన్నాయి. వాడను వెలివేసే ఊళ్లో మిగతావాళ్లకూ స్వేచ్ఛ ఉండదు. వాళ్ల వంతు వచ్చేదాకా అది తెలియదు, అంతే.

అంబేడ్కర్ ముందే చెప్పారు

అణగారిన వర్గాల స్థితిగతులపై బొంబాయి ప్రభుత్వం 1928లో వేసిన స్టార్ట్ కమిటీలో అంబేడ్కర్ సభ్యులు. వెలి ఎంత పదునైన ఆయుధమో 1930లో ఆ కమిటీ నివేదిక నమోదు చేసింది. బావి నీళ్లు తోడుకోవడమే కాదు, భూమి కొనడం, మంచి బట్టలు కట్టడం, పెళ్లికొడుకును గుర్రం మీద ఊరేగించడం కూడా వెలికి కారణాలయ్యాయి. ఇవన్నీ ఎవరి ఇష్టం కొద్దీ వాళ్లు చేసుకునే పనులే. ఆ ఇష్టమే ఊరి కంటికి నేరం.

అదే ఏడాది రౌండ్ టేబుల్ సమావేశానికి అంబేడ్కర్, రెట్టమలై శ్రీనివాసన్ ఇచ్చిన రక్షణల పత్రంలో బహిష్కరణను శిక్షించదగ్గ నేరం చేయాలని కోరారు. దాని నిర్వచనానికి 1922 నాటి బర్మా చట్టాన్ని ఆధారం చేసుకున్నారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లోనే వచ్చినా, సాంఘిక, ఆర్థిక బహిష్కరణలను పేరు పెట్టి నేరాలుగా చేర్చింది మాత్రం 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణే. సెక్షన్ 3(1)(జెడ్‌సీ) కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. వెలి వేస్తామని బెదిరించినా నేరమే.

చుండూరులో ఆగస్టుకు ముందు జులై ఉంది

అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. శవాల్ని గోనె సంచుల్లో కట్టి కాలువలో పడేశారు. ఆ తేదీని మనం మరవలేదు, మరవం. కానీ సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ తర్వాత జులైలో వాడకు పనులు ఆపేసి వెలి వేసిన సంగతి ఎంతమందికి గుర్తుంది? ఆ రోజుల్లోనే రాజ్యం కదిలి ఉంటే ఆగస్టు 6 వచ్చేదా? 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ వదిలేసింది. కోర్టు మరిచినా వాడ మరవకూడదు.

హత్యకు పోస్టుమార్టం ఉంటుంది. వెలికి గాయం ఉండదు, డాక్టరు సర్టిఫికెట్ ఉండదు. కొన్నాళ్లకు పెద్దలు రాజీ కుదురుస్తారు, ఏమీ జరగనట్టే ఊరు మామూలవుతుంది. అందుకే వెలి మొదలైన రోజు నుంచే రాయాలి. ఎవరు ప్రకటించారు, ఏ రోజు ఏ పని ఆగింది, ఎంత కూలి పోయింది, ఏ కొట్లో సరుకు ఇవ్వలేదు, ఎవరి ముందు ఇవ్వలేదు — అన్నీ తేదీలతో నోటుబుక్కులో ఎక్కించాలి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, ఎఫ్ఐఆర్‌లో బహిష్కరణ సెక్షన్ ఉందో లేదో చూడాలి. చదువుకున్న మన పిల్లలు వాడ కోసం చేయగలిగిన పెద్ద పనుల్లో ఇదొకటి. శవం లేచాక కాదు, పొయ్యి ఆరిపోయిన రోజే మనం ఆ ఊళ్లో ఉండాలి.