ముసలితనం అంటే భయం ఎందుకు?

"కాళ్లు చేతులు ఆడంగనే పోవాలె. మంచాన పడొద్దు." ఊళ్లో ఏ అవ్వను పలకరించినా ఇదే మాట. చావుకు భయపడని మనిషి కూడా ముసలితనానికి భయపడుతుంది. ఈ భయం మోకాళ్ల నొప్పికి కాదు. రేపు ముద్ద ఎవరు పెడతారు? గ్లాసెడు నీళ్లకు ఎవరి మొహం చూడాలి? అసలు భయం అది.

మేడ్చల్, శామీర్‌పేట ఊళ్ల సంగతి చూద్దాం. ఒకప్పుడు ఇక్కడ వరి పొలాలు, ద్రాక్ష తోటలు ఉండేవి. పొలం పెద్దల పేరు మీద ఉండేది. ఎప్పుడు నాటు వేయాలో, ఎప్పుడు కోయాలో పెద్దలు చెప్పేవారు. అందుకే వాళ్ల మాట చెల్లేది. అప్పుడు మాత్రం అత్తాకోడళ్ల కొట్లాటలు లేవా? ఉన్నాయి. పాతకాలమంతా బంగారం కాదు. తరవాత హైదరాబాదు పెరిగింది. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. కంపెనీలు వచ్చాయి. ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. పిల్లలు కంపెనీ పనులకు పోతున్నారు. ఆ పనిలో తాతను అడగవలసింది ఏమీ లేదు. తాత దగ్గర మిగిలింది ఇంత జాగా. దాని కోసమే అడుగుతున్నారు.

శామీర్‌పేట దగ్గర ఒక అవ్వ ఉందనుకుందాం. ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ. భర్త పోయాడు. ఆమె పేరు మీద 200 గజాల జాగా ఉంది. పెద్దకొడుకు వచ్చి, "అమ్మా, నా పేరు మీద రాయి. నిన్ను నేనే చూసుకుంట" అన్నాడు. అవ్వ నమ్మింది. కన్నకొడుకును నమ్మక ఎవరిని నమ్ముతుంది? రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయింది. వేలిముద్ర వేసింది. ఆ కాగితాన్ని దానపత్రం అంటారు. గిఫ్ట్ డీడ్ అని కూడా అంటారు. అందులో ఏముందో ఆమెకు ఎవరూ చదివి చెప్పలేదు.

ఆరు నెలలు బాగానే గడిచింది. తరవాత వంతులు మొదలయ్యాయి. పదిహేను రోజులు పెద్దోడి ఇంట్లో, పదిహేను రోజులు చిన్నోడి ఇంట్లో. "జాగా అన్న తీసుకున్నడు. బువ్వ నేనెందుకు పెట్టాలె?" అని చిన్నోడు. 31వ తారీఖు వస్తే ఆ పూట ఎవరిదని మళ్లీ పంచాయితీ. అవ్వ బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంటుంది.

ఇట్లాంటప్పుడు లోకం ముందుగా కోడలిని తిడుతుంది. ఆ కోడలు పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కి చీకటి పడ్డాక దిగుతుంది. వంట ఆమెదే. పిల్లల పని ఆమెదే. అత్తకు మందులు ఇచ్చేది కూడా ఆమే. కొడుకు కూర్చుని, "మా అమ్మను మంచిగ చూస్తలేవు" అంటాడు. చట్టం అట్లా అనదు.

2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. తమంతట తాము బతకలేని తల్లిదండ్రులను చూసే బాధ్యత కొడుకులది, బిడ్డలది అని ఆ చట్టం చెప్పింది. ఎదిగిన మనవడు, మనవరాలు కూడా చూడాలి. పిల్లలు అంటే ఎవరో చెప్పిన చోట కోడలి పేరు లేదు. పిల్లలు లేని ముసలివాళ్లను, వాళ్ల ఆస్తి దక్కే చుట్టం చూడాలి. ముసలివాళ్లను ఎక్కడైనా వదిలేసి పోతే 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా. రెండూ పడవచ్చు.

దీనికి ట్రిబ్యునల్ ఉంటుంది. ఆర్డీవో స్థాయి అధికారి విచారిస్తారు. వకీలును పెట్టుకోవలసిన పని లేదు. అవ్వ నడవలేకపోతే ఆమె చెప్పిన మనిషి దరఖాస్తు ఇవ్వవచ్చు. పిల్లలకు నోటీసు అందిన 90 రోజులలో తేల్చాలి. మరీ అవసరమైతే ఇంకో 30 రోజులు. నెలకు 10,000 రూపాయలకు మించకుండా ఇప్పించవచ్చు.

మరి రాసిచ్చిన జాగా? ఇక్కడే జాగ్రత్తగా చదవాలి. "నన్ను చూసుకోవాలి" అనే షరతు మీద రాసిచ్చి ఉంటే, కొడుకు చూడకపోతే, ఆ దానాన్ని ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. షరతు లేకుండా ఊరికే రాసిస్తే కష్టం. 2022లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది.

మధ్యప్రదేశ్‌లో ఒక తల్లి 2019లో కొడుకుకు ఆస్తి రాసిచ్చింది. చివరిదాకా చూసుకుంటానని కొడుకు వేరే కాగితం రాసిచ్చాడు. తరవాత చూడలేదు. తల్లి అధికారి దగ్గరికి పోయింది. ఆయన దానపత్రం రద్దు చేశారు. కొడుకు హైకోర్టుకు పోయి గెలిచాడు. తల్లి ఊరుకోలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు తల్లి పక్షాన తీర్పు ఇచ్చింది. ఆస్తి ఆమెకు తిరిగి ఇవ్వమంది. ఆమెకు పనికి వచ్చింది ఆ కాగితమే.

కాబట్టి దానపత్రంలో ఇట్లా రాయించుకోవాలి: "నా కొడుకు నన్ను నా జీవితాంతం చూసుకోవాలి. తిండి, బట్ట, మందులు, ఉండడానికి చోటు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఈ దానం చెల్లదు." సంతకం పెట్టే ముందు ఆ మాటలు కాగితంలో ఉన్నాయా అని కూడబలుక్కునైనా చదవాలి. ఆలస్యమైతే కానీయండి. రాసే మనిషి విసుక్కుంటాడు, అంతే.

వీలునామా ఇంకో దారి. వీలునామా రాసినా బతికినంత కాలం జాగా అవ్వదే. మనసు మారితే వీలునామా మార్చి రాయవచ్చు.

ఎక్కడికి పోవాలో తెలియకపోతే జిల్లా కలెక్టరేటులో అడగవచ్చు. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కలెక్టరేటు శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో ఉంది. అంత దూరం పోలేని వాళ్లకు ఫోను ఉంది. నంబరు 14567. డబ్బులు పడవు. పొద్దున 8 నుండి రాత్రి 8 దాకా మాట్లాడతారు.