ఎవరి పాట ఎవరి పేరున?

కిందటేడు మా కాలేజీ తెలుగు శాఖ తరఫున ఒక చిన్న పుస్తకం అచ్చువేయించాము. నల్లగొండ చుట్టుపట్ల ఊళ్లలో మా విద్యార్థులు తిరిగి సేకరించుకొచ్చిన బతుకమ్మ పాటలవి. ఆవిష్కరణ సభ ఘనంగా జరిగింది. శాలువాలు కప్పారు, ఉపన్యాసాలిచ్చారు, ఫోటోలు దిగాము. మర్నాడు డిగ్రీ రెండో ఏడు చదివే అమ్మాయి ఒకతె పుస్తకం చేతబట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది.

"సార్, మా నాయనమ్మ పాటకు వేరేటోళ్ల పేరున్నది" అన్నది.

చూద్దును గదా, నిజమే! ఆ ఒక్క పాటే కాదు, పధ్నాలుగో పాట మొదలు చివరిదాకా పేర్లన్నీ ఒక మెట్టు జారిపోయాయి. అచ్చుకు పంపే ముందురోజు రాత్రి మధ్యలో ఒక పాట చేర్చాను. పాడినవారి పేర్లు పుస్తకం చివర అంకెల వరుసన ఉన్నాయి. పాటల అంకెలు దిద్ది, పేర్ల అంకెలు దిద్దడం మరిచాను. తప్పు నాదే.

తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డిగారు 'గోల్కొండ కవుల సంచిక' తెచ్చి, 354 మంది కవుల్ని పేరుపేరునా లోకానికి చూపించారు. ఆయన పుట్టిన పాలమూరు మాకు పక్క జిల్లాయే. అటువంటి గడ్డమీద ఉండి, ఉన్న పేర్లను నేను తారుమారు చేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారు 1922లో 'నీలగిరి పత్రిక' నడిపింది మా ఊళ్లోనే. ఆ రోజుల్లో రాసేవారు రాసి ఇచ్చేవారు. కంపోజిటరు అరల్లోంచి సీసపు అక్షరాలేరి పేర్చేవాడు. వర్డ్ ప్రాసెసర్ వచ్చాక ఆ రెండు పనులూ మన నెత్తినే పడ్డాయి. ఒక వాక్యం రాస్తాము, అది లావుగా ఉండాలా సన్నగా ఉండాలా అని అరగంట ఆలోచిస్తాము.

ఈ చిక్కుకు విరుగుడు వెతుకుతుంటే నాకు 'టెక్' దొరికింది. అమెరికాలో డొనాల్డ్ కనూత్ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు 1977లో తన గ్రంథం ప్రూఫులు చూచి, ఆ అచ్చు మనసుకెక్కక, అక్షరకూర్పుకు తానే సాఫ్ట్‌వేర్ రాయడానికి కూచున్నారు. కొద్ది నెలల్లో అయిపోతుందనుకున్న పని పదేళ్లపైన పట్టింది. దాన్ని ఉచితంగా లోకానికి ఇచ్చేశారు. 2004లో జొనాథన్ క్యూ అనే ఆయన దాన్ని 'జీటెక్'గా విస్తరించాక, యూనికోడ్ తెలుగును నేరుగా అందులో కూర్చుకునే వీలు కలిగింది.

ఇందులో మనం మాటలు రాసి, ఇది శీర్షిక, ఇది అధోజ్ఞాపిక అని గుర్తులు పెడితే చాలు. అంకెలు, విషయసూచిక, పేజీల కూర్పు అది చూసుకుంటుంది. పేరా మొత్తాన్ని ఒక్కసారిగా చూచి పంక్తి ఎక్కడ విరవాలో తేల్చుకుంటుంది. పాడినావిడ పేరు పాట పక్కనే రాస్తాము గనుక, మధ్యలో పది పాటలు చేర్చినా ఆ పేరు ఆ పాటను వదిలిపెట్టదు.

ఈ సంగతంతా స్టాఫ్ రూములో ఉపన్యసించాను. "గీ వెనకగీతలు, మీసాల బ్రాకెట్లు ఏంది సార్, మంత్రశాస్త్రమా?" అన్నారు చరిత్ర మేడం.

"అంకెలు దానంతటదే వేసే ఏర్పాటు వర్డులో గూడ ఉన్నది గదా! మీరు వాడలే. దాని తప్పేమున్నది?" అన్నారు కామర్స్ సార్. నూటికి నూరుపాళ్లు నిజం. నోరు మూతపడింది. పైగా అందరిముందు చేసి చూపించబోయి ఒక బ్రాకెట్టు మూయడం మరిచాను. పేజీ రాలేదు సరికదా, కంప్యూటరు ఇంగ్లీషులో చీవాట్లు పెట్టింది.

వాదంతో పని కాదని తేలింది. చరిత్ర మేడం పానగల్లు ఛాయాసోమేశ్వరాలయం మీద పుస్తకం రాస్తున్నారు. అందులోంచి ఒక అధ్యాయం అడిగి తీసుకుని, రాత్రికి రాత్రి కూర్చి తెచ్చాను. "ఇందులో మీకు అక్కరలేని పేరా ఏది?" అన్నాను. చూపించారు. తీసేశాను. డెబ్బై పైచిలుకు అధోజ్ఞాపికలు ఆమె కళ్లముందే సర్దుకున్నాయి. "మళ్లొకసారి చేయండి" అన్నారు. మూడుసార్లు చేయించుకుని, సాయంత్రానికి మిగిలిన అధ్యాయాలన్నీ పంపించారు.

కామర్స్ సార్ మాత్రం మారలేదు. సెలవు చీటీకి, నోటీసుకు ఇంత హంగామా ఎందుకన్నారు. అదీ సబబే. చివరకు ఒక రాజీకి వచ్చాము: ఉత్తరాలు వర్డులో, పుస్తకాలు టెక్‌లో. గుర్తులు పెట్టడం రాదన్నవారు యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తే చాలు. మిగతాది మా జట్టు చూసుకుంటుంది.

ఆ జట్టులో మొట్టమొదట చేరింది నన్ను నిలదీసిన అమ్మాయే. పాటల పుస్తకం మళ్లీ కూర్చి, బతుకమ్మ పండుగకు ముందే రెండోసారి అచ్చువేయించాము. పేర్లన్నీ ఆమే సరిచూసింది. నాయనమ్మకు చదువు రాదు. మనవరాలు పేజీ తీసి చదివి వినిపిస్తే, "ఊరి పేరు గూడ ఏసిండ్రా?" అని అడిగిందట.

వేశాము.